మార్చింది రెండు ప్యాచులే… మొత్తం సోర్స్ ఎందుకివ్వాలి?

ప్రశ్న: పాత కంప్యూటర్లలో తేలిగ్గా నడవాలని డెబియన్ అనే లినక్స్ పంపిణీ ఆధారంగా ఒక లైవ్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే సిస్టమ్ ఫైలు) తయారుచేశాను. నా సైట్‌లో డౌన్‌లోడ్‌కి పెట్టాను. అడిగినవాళ్లకి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి కూడా ఇస్తున్నాను. ఇప్పటికి ఓ అరవై పెన్‌డ్రైవులు వెళ్లి ఉంటాయి. డబ్బులేమీ తీసుకోను. సొంతంగా చేసిందల్లా కెర్నల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో, వైఫై డ్రైవర్‌కి ఒక ప్యాచ్ (కోడ్ మార్పు), ఫైల్ మేనేజర్‌లో ఒక చిన్న సవరణ. మిగతా పన్నెండొందల ప్యాకేజీల జోలికి పోలేదు. పోయిన వారం ముక్కూమొహం తెలియని ఒకాయన "మీ ఐఎస్‌ఓ సోర్స్ కోడ్ ఎక్కడ దొరుకుతుంది?" అని మెయిల్ పెట్టాడు. డెబియన్ సైట్ లింకిచ్చి ఊరుకోవచ్చా? నా రెండు ప్యాచులిస్తే చాలదా? అసలు ఆయనకి నేను జవాబివ్వాలా? కేసులు గీసులు అవుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. — ఒక పాఠకుడు

సమాధానం: ముందు ఆ మెయిల్‌కి రెండు ముక్కల్లో జవాబిచ్చేయండి. "అడిగినందుకు థాంక్స్, సోర్స్ సిద్ధం చేస్తున్నాను, ఫలానా తేదీకల్లా సైట్‌లో పెడతాను" అంటే చాలు. మిగతాది ఆ తరవాత చదవండి. చిన్నవాళ్ల విషయంలో ఇలాంటివి ముదిరేది చాలాసార్లు జవాబివ్వకుండా కూర్చున్నందుకే. వారం గడిచిందంటున్నారు, ఇంకో వారం గడవనివ్వకండి.

ఇక అసలు సందేహం. నేను రాయని కోడ్‌కి నేనెందుకు జవాబుదారీ అనేగా? కెర్నల్‌తో సహా చాలా ప్యాకేజీల మీదున్న జీపీఎల్ అనే లైసెన్స్‌కి కోడ్ రాసిందెవరో అనవసరం. బైనరీ, అంటే కంపైల్ చేసి నడపడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రాము, ఎవరి చేతిమీదుగా బయటికి వెళ్లిందో ఆ చేతినే సోర్స్ అడుగుతుంది. మీ ఐఎస్‌ఓ డౌన్‌లోడ్ చేసుకున్నవాడికి కెర్నల్ ఇచ్చింది డెబియన్ కాదు, మీరు. కమాండ్లు తీసుకునే బాష్ ఇచ్చిందీ మీరే. కాబట్టి ముట్టుకోని ప్యాకేజీల్లో జీపీఎల్ కింద ఉన్న వాటికి కూడా సోర్స్ అందేలా చూడాల్సింది మీరే. ఉచితంగా ఇస్తున్నానన్నది ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. మన భాషలో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఈ లైసెన్స్ గొడవంతా రెండోదాని గురించే. మీరు ఐఎస్‌ఓని ఎంతకైనా అమ్ముకోవచ్చు, లైసెన్స్ అడ్డుచెప్పదు. ఊరికే ఇచ్చినా సోర్స్ బాధ్యత పోదు.

ఈ పొరపాటు మీరొక్కరే చేసింది కాదు, సిగ్గుపడకండి. 2006లో మెపిస్ అనే లినక్స్ పంపిణీ తయారుచేసే ఆయనా అచ్చంగా మీలాగే అనుకున్నాడు. మార్చిన ప్యాకేజీలకి సోర్స్ ఇచ్చాడు. మార్చనివి పైనుంచి వచ్చినవే కదా, అక్కడే దొరుకుతాయిలే అని వదిలేశాడు. జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వాళ్లు అలా కుదరదని, పంచిన ప్రతి జీపీఎల్ ప్యాకేజీకీ సోర్స్ పెట్టాల్సిందేనని చెప్పారు. చిన్న పంపిణీలు నడిపేవాళ్లు అప్పట్లో దీనిమీద చాలా గొణుక్కున్నారు. ఒంటిచేత్తో ఐఎస్‌ఓ చేసుకునేవాడి నెత్తిన ఇంత బరువా అని. ఆ గొణుగుడులో న్యాయం లేదని అనను.

కానీ డెబియన్ లింక్ ఎందుకు సరిపోదో ఒక్కసారి దగ్గరగా చూడండి. మీ ఐఎస్‌ఓలో 6.1.76 కెర్నల్ ఉందనుకుందాం. మీరు ఐఎస్‌ఓ కట్టిన రోజున డెబియన్ ఫైళ్ల నకళ్లు ఉంచే సర్వర్లలో, అంటే మిర్రర్లలో, ఆ సోర్స్ ఉంది. కొన్ని నెలలకి సెక్యూరిటీ అప్‌డేట్ వస్తుంది, పాయింట్ రిలీజ్ వస్తుంది. మిర్రర్‌లో ఇప్పుడు 6.1.94 ఉంటుంది, పాత ఫైళ్లు తీసేస్తారు. మీ ఐఎస్‌ఓ మాత్రం మీ సైట్‌లో అలాగే, 6.1.76తోనే కూర్చుని ఉంటుంది. మీరిచ్చిన లింక్ నొక్కినవాడికి దొరికేది ఇంకేదో కెర్నల్ సోర్స్. వాడి చేతిలో ఉన్న బైనరీ పుట్టింది దాన్నుంచి కాదు. డెబియన్ వాళ్లు 2005 నుంచీ పాత వెర్షన్లన్నీ స్నాప్‌షాట్ అనే ఆర్కైవ్‌లో దాస్తున్న మాట నిజమే, అది మీలాంటి వాళ్లకి పెద్ద వరం. పోయిన ఫైలు వెతుక్కోవడానికి వాడుకోండి. మీ బాధ్యత మొత్తం దానిమీద పెట్టి నిద్రపోకండి.

నాకూ ఒకసారి ఇలాంటిదే తగిలింది కాబట్టి చెబుతున్నాను. చాలా ఏళ్ల కింద ఒక జీపీఎల్ టూల్‌ని కొంచెం మార్చి, కంపైల్ చేసి నా సైట్‌లో బైనరీ పెట్టాను. రెండేళ్ల తరవాత ఒకరు సోర్స్ అడిగారు. అసలు వెర్షన్ నంబర్ గుర్తుంది, దాని టార్‌బాల్ (సోర్స్ మూట ఫైలు) దొరికింది. మార్పులు? బిల్డ్ ఫోల్డర్‌లోనే నేరుగా ఫైళ్లు దిద్దాను, డిఫ్ (పాత, కొత్త ఫైళ్ల తేడా) తీసి పెట్టుకోలేదు, డిస్క్ నిండిపోయినప్పుడు ఆ ఫోల్డర్ మొత్తం తుడిచేశాను. రెండు రాత్రులు కూర్చుని గుర్తున్నంతవరకూ మళ్లీ రాశాను. కంపైల్ అయింది కానీ పాత బైనరీ ఒకలా, ఇది ఇంకోలా ప్రవర్తించింది. చివరికి బైనరీ తీసేసి, క్షమాపణ చెప్పుకున్నాను. అడిగినాయన ఏమీ అనలేదు. అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది. అప్పటినుంచీ నాదొకటే పద్ధతి: బైనరీ కట్టిన గంటలోనే దాని సోర్స్ కూడా మూటకట్టి పక్కన పెట్టేస్తాను. ఎవరో అడిగినప్పుడు చూద్దాంలే అనుకుంటే, అడిగే రోజుకి అది ఉండదు.

మరి సోర్స్ అంటే ఏమేం ఇవ్వాలి? లైసెన్స్ చెప్పేదాని సారం ఇది: మార్పులు చేయాలనుకునేవాడికి ఏ రూపంలో ఉంటే వీలుగా ఉంటుందో ఆ రూపం. యాక్ అనే టూల్ గ్రామర్ ఫైలు నుంచి తయారుచేసిన సీ ఫైలు ఇచ్చి ఇదే సోర్స్ అంటే కుదరదు, ఆ గ్రామర్ ఫైలే ఇవ్వాలి. దాంతోపాటు కంపైల్ చేయడానికీ ఇన్‌స్టాల్ చేయడానికీ వాడిన స్క్రిప్టులు. మీ విషయంలో ఎక్కువమంది మరిచిపోయేది ఇక్కడే. మీ కెర్నల్‌కి ప్యాచ్ ఫైలొక్కటే ఇస్తే, తీసుకున్నవాడు దాన్ని ఏ సోర్స్ మీద వేయాలి? ఏ సెట్టింగ్‌లతో కట్టాలి? ఆ సెట్టింగ్‌లుండే డాట్-కాన్ఫిగ్ ఫైలు లేకుండా కట్టి చూడండి, మాడ్యూల్ (డ్రైవర్ లాంటి కెర్నల్ ముక్క) ఎక్కించబోతే "ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్" అని మొహం మీద కొట్టే అవకాశాలే ఎక్కువ. అందుకని మీ కెర్నల్ మూటలో అసలు టార్‌బాల్, డెబియన్ వాళ్ల ప్యాచులు, మీ వైఫై ప్యాచ్, కాన్ఫిగ్, మీరు టైప్ చేసిన బిల్డ్ కమాండ్లు, అన్నీ ఉండాలి. కమాండ్లు ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసినా చాలు, స్క్రిప్టే ఉండాలని పట్టుబట్టక్కర్లేదు. కంపైలర్ సోర్స్ మాత్రం ఇవ్వక్కర్లేదు, దాన్ని ఐఎస్‌ఓలో పెట్టి పంచకపోతే. పెట్టి ఉంటే అదీ ఒక ప్యాకేజీయే, దానికీ సోర్స్ ఇవ్వాలి.

పన్నెండొందల ప్యాకేజీల్లో ఏది జీపీఎల్, ఏది ఎంఐటీ, ఏది బీఎస్‌డీ అని ఏరుకుంటూ కూర్చోవచ్చు. ఎంఐటీ, బీఎస్‌డీ లైసెన్స్‌లున్న వాటికి సోర్స్ ఇవ్వక్కర్లేదు, కాపీరైట్ నోటీసు, లైసెన్స్ పాఠం ఉంటే చాలు. కానీ ఏరడానికి పట్టే సమయంలో మొత్తం సోర్స్ దింపేసుకోవచ్చు. అన్నిటికీ ఇచ్చేయండి, తల నొప్పి తగ్గుతుంది. వైఫై ఫర్మ్‌వేర్ ఫైళ్లు, అంటే చిప్ లోపల నడిచే కోడ్, వేరే కథ. వాటిలో చాలావాటికి సోర్స్ అసలు బయటికే రాలేదు, వాటి లైసెన్స్‌లు వేరు. పంచడానికి ఒప్పుకుంటున్నాయో లేదో ఒక్కోదానికి చూసుకుని, ఆ లైసెన్స్ పాఠాన్ని కూడా ఐఎస్‌ఓలో ఉంచండి.

చేసే విధానం మీరు భయపడుతున్నంత కష్టం కాదు. ఐఎస్‌ఓ కట్టడానికి లైవ్-బిల్డ్ అనే డెబియన్ టూల్ వాడుతున్నట్టయితే, అందులో సోర్స్ ఇమేజ్ కట్టే ఆప్షన్ ముందే ఉంది. కాన్ఫిగ్‌లో సోర్స్ అన్నచోట ట్రూ అని పెడితే, ప్యాకేజీల బైనరీ ఇమేజ్‌తోపాటు వాటి సోర్స్ ఇమేజ్ కూడా తయారవుతుంది. లైవ్-బిల్డ్ కాకపోతే, ఐఎస్‌ఓ లోపలి ప్యాకేజీల జాబితాని వెర్షన్ నంబర్లతో సహా ఒక ఫైల్లోకి తీసుకుని, ఆప్ట్ సెట్టింగ్‌లలో సోర్స్ చిరునామా చెప్పే డెబ్-ఎస్ఆర్‌సీ లైన్ తెరిచి, ఆప్ట్ సోర్స్ కమాండ్‌తో ఒక్కోటీ అదే వెర్షన్ అడిగి దింపుకునే చిన్న లూప్ రాసుకోండి. ఒక్కో ప్యాకేజీకి సాధారణంగా మూడు ఫైళ్లు వస్తాయి: డాట్-డీఎస్‌సీ, అసలు టార్‌బాల్, డెబియన్ టార్‌బాల్. వెర్షన్ దొరకడం లేదని ఎర్రర్ ఇచ్చిన వాటికి స్నాప్‌షాట్‌కి వెళ్లండి. పాత ఐఎస్‌ఓ కాబట్టి ఈసారి అలాంటివి కొన్ని తగులుతాయి. మీరు సొంతంగా కట్టిన రెండు ప్యాకేజీలు ఈ లూప్‌కి దొరకవని గుర్తుంచుకోండి, వాటిని చేత్తోనే చేర్చాలి. పనంతా అయ్యాక ఏదో ఒక ప్యాకేజీని, వీలైతే మీ ఫైల్ మేనేజర్‌నే, శుభ్రమైన మెషీన్‌లో ఆ మూట నుంచి మాత్రమే కట్టి చూడండి. ఏ ఫైలు మరిచిపోయారో అప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు దాన్ని ఎలా అందించాలి. సైట్ సంగతి తేలిక: ఐఎస్‌ఓ లింక్ ఉన్న పేజీలోనే, దాని పక్కనే సోర్స్ లింక్ పెట్టండి. కెర్నల్ జీపీఎల్ రెండో వెర్షన్ కింద ఉంది. అది 1991 నాటిది, బైనరీ ఎక్కడ దొరుకుతోందో అదే చోట సోర్స్ కూడా అంతే తేలిగ్గా దొరికేలా పెడితే ఇచ్చినట్టే లెక్క అంటుంది. 2007లో వచ్చిన మూడో వెర్షన్ కాస్త సడలించింది. సోర్స్ వేరే సర్వర్‌లో, చివరికి వేరేవాళ్ల సర్వర్‌లో ఉన్నా సరే, బైనరీ పక్కన దారి స్పష్టంగా చూపించాలి, అక్కడ అది ఉండేలా చూసుకునే పూచీ మాత్రం మీదే. మీ ఐఎస్‌ఓలో రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి గట్టిదాన్నే పాటిస్తే రెండిటికీ సరిపోతుంది. డౌన్‌లోడ్ చేసుకున్న ప్రతివాడూ సోర్స్ కూడా తీసుకున్నాడా లేదా అని మీరు చూడక్కర్లేదు. తీసుకునే వీలుంటే చాలు. అయితే సోర్స్‌కి పాస్‌వర్డ్ పెట్టడం, "ఎందుకు కావాలో కారణం రాయండి" అని ఫారం నింపించడం లాంటివి వద్దు. ఐఎస్‌ఓకి లేని గేటు సోర్స్‌కి ఎందుకుండాలి?

పెన్‌డ్రైవుల దగ్గరే ఆలోచించాలి. చేతికి వస్తువు ఇచ్చినప్పుడు మీకు రెండు దారులున్నాయి. సోర్స్ కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వడం ఒకటి. లేదా రాతపూర్వకమైన హామీ ఇవ్వడం: కనీసం మూడేళ్లపాటు ఎవరడిగినా సోర్స్ ఇస్తాను, పంపడానికయ్యే ఖర్చు మించి తీసుకోను అని. చాలామంది రెండోది ఎంచుకుంటారు, కాగితం ముక్కే కదా తేలిక అని. నేను మాత్రం వద్దనే చెబుతాను. ఆ కాగితం ఇచ్చిన రోజునుంచి మూడేళ్లు మీరు ప్రతి వెర్షన్ సోర్స్‌నీ కాపాడుకోవాలి, ఇల్లు మారినా సైట్ మూసేసినా. రెండో వెర్షన్ ప్రకారం ఆ హామీ మీ దగ్గర పెన్‌డ్రైవ్ తీసుకున్నవాడికే కాదు, ఏ మూడో మనిషికైనా వర్తిస్తుంది. అదే సోర్స్‌ని పెన్‌డ్రైవ్‌లోనే వేసి ఇస్తే, ఇచ్చిన క్షణంలోనే ఆ కాపీ వరకూ మీ బాకీ తీరిపోయింది. రేపు మీ హార్డ్ డిస్క్ కాలిపోయినా ఆ కాపీ గురించి మిమ్మల్ని అడిగేవాడు లేడు. ఐఎస్‌ఓ సైజుకి తోడు సోర్స్ సైజు పడుతుంది కాబట్టి కొంచెం పెద్ద పెన్‌డ్రైవ్ కావాలి, అంతే. మూడేళ్ల కాపలా కన్నా అది చవక.

మూడో దారి ఒకటుంది, మీకు పనికిరాదు. హామీ కాగితంతో బైనరీ అందుకున్న మనిషి, వ్యాపారం కాకుండా ఇంకొకరికి కాపీ ఇస్తే, తనకొచ్చిన ఆ హామీనే ముందుకి పంపవచ్చు. మీకు డెబియన్ నుంచి అలాంటి హామీ ఏదీ రాలేదు, పంపడానికేముంది?

అడిగినాయనకి జవాబివ్వాలా అన్నారు. ఆయన మీ సైట్ నుంచి ఐఎస్‌ఓ తీసుకుని ఉంటే సోర్స్ ఆయనకి అందాల్సిందే. తీసుకోకపోయినా, పేజీలో లింక్ పెట్టాక ఎవరు తీసుకుంటే మీకేం పోయింది? ఆయన తప్పులు వెతకడానికే అడిగాడని అనుకోకండి. అదే వైఫై చిప్ ఆయన దగ్గరా ఉండి, మీ ప్యాచ్ కోసమే అడిగి ఉండవచ్చు. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్‌లో లినక్స్ ఉందని గమనించినవాళ్లు ఇలాగే సోర్స్ అడిగారు. కంపెనీ చివరికి బయటపెట్టింది. ఆ సోర్స్ పునాదిగానే రౌటర్ల కోసం చేసిన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే లినక్స్ మొదలైంది, ఇవాళ లెక్కలేనన్ని రౌటర్లలో నడుస్తోంది. అడిగినవాళ్ల మెయిళ్లని అప్పుడు చెత్తబుట్టలో వేసి ఉంటే అది పుట్టేదే కాదు.

కేసు సంగతి. నేను లాయర్‌ని కాను, చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను. రెండో వెర్షన్ కఠినంగా ఉంటుంది. షరతు తప్పితే పంచే హక్కు దానంతటదే రద్దవుతుంది. మూడో వెర్షన్ దారి చూపించింది: మొదటిసారి తప్పు జరిగి, హక్కుదారు నోటీసిచ్చిన 30 రోజుల్లో సరిచేసుకుంటే హక్కు పూర్తిగా తిరిగొస్తుంది. 2017లో లినక్స్ కెర్నల్ డెవలపర్లు చాలామంది, కెర్నల్ విషయంలో తాము కూడా ఈ మూడో వెర్షన్ పద్ధతినే పాటిస్తామని ప్రకటించారు. ఇంకో మాట, మీకు మెయిల్ పెట్టినాయన కోడ్ హక్కుదారు అయ్యే అవకాశం తక్కువ. కాబట్టి అది నోటీసు కూడా కాకపోవచ్చు. కోర్టుల దాకా వెళ్లినవి లేకపోలేదు, 2004లో జర్మనీలో హరాల్డ్ వెల్టె అనే డెవలపర్ కెర్నల్‌లోని నెట్‌ఫిల్టర్ (ఫైర్‌వాల్) కోడ్ విషయంలో మ్యూనిక్ కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకున్నాడు. అయితే అలా వెళ్లింది ఎక్కువగా పరికరాలు అమ్మే కంపెనీల మీద. అడగ్గానే సోర్స్ పెట్టిన ఒంటరి మనిషిని కోర్టుకి లాగినట్టు నేను వినలేదు.

సోర్స్ మూట తయారయ్యేదాకా ఏం చేయాలంటే, ఐఎస్‌ఓ లింక్ తీసేయండి. నాలుగు రోజులు డౌన్‌లోడ్ ఆగితే కొంపలేం మునగవు. ఆ నాలుగు రోజులూ సోర్స్ లేకుండా ఇంకా కాపీలు వెళుతుంటే మాత్రం బాకీ పెరుగుతూ ఉంటుంది. మళ్లీ పెట్టేటప్పుడు రెండూ ఒకేసారి పెట్టండి, ఇకముందు ఐఎస్‌ఓ కొత్త వెర్షన్ వస్తే పాత ఐఎస్‌ఓనీ పాత సోర్స్‌నీ కలిపే సైట్ నుంచి తీసేయండి. ఐఎస్‌ఓ ఉంచి సోర్స్ మాత్రం తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

వెళ్లిపోయిన అరవై పెన్‌డ్రైవులు మిగిలాయి. వెనక్కి తెప్పించడం కుదిరే పని కాదు. ఎవరెవరికి ఇచ్చారో గుర్తున్నంతవరకూ ఒక మెసేజ్ పెట్టండి: ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ సోర్స్ ఇప్పుడు ఫలానా పేజీలో ఉంది, నెట్ లేనివాళ్లు అడిగితే కాపీ చేసి ఇస్తాను అని. ఆలస్యంగా ఇచ్చింది ముందే ఇచ్చినదానితో సమానం కాదు, అయినా ఏమీ చేయకపోవడం కన్నా చాలా నయం. మెసేజ్‌లో ఐఎస్‌ఓ ఫైలు పేరు తేదీతో సహా పూర్తిగా రాయండి. ఈ మధ్యలో మీరు రెండుమూడు వెర్షన్లు కట్టి ఉంటారు, వాళ్ల దగ్గరున్నది ఏదో మీకు తెలీదు. ఏ వెర్షన్లు పంచారో ఆ అన్నిటికీ మూటలు వేరువేరుగా కట్టాల్సి వస్తుంది, ఈ వారాంతం దానికే పెట్టుకోండి.